కొంగున కట్టిన చెవి

తాడిపత్రి రైల్వే గేటు పడింది. అనంతపురం పోయే మా బస్సు ఆగింది. పొద్దున్నుంచి సన్నగా కురుస్తున్న వాన అప్పుడే కాస్త పెద్దదైంది. పాలిషు ఫ్యాక్టరీల నుంచి వచ్చే రాతిపిండి నీళ్ళు రోడ్డు పక్క కాలువలో పాలరంగులో పారుతున్నాయి. ఈ ఊళ్ళో వాన పడితే మట్టి వాసన రాదు, తడి రాతి వాసన వస్తుంది. ఇన్నేళ్ళలో నాకు అది అలవాటైపోయింది. ఇంతలో మా పక్కకు ఒక గొర్రెల లారీ వచ్చి ఆగింది. తడిసిన ఉన్ని వాసన కిటికీల్లోంచి దట్టంగా లోపలికి వచ్చింది. ముందు సీటులో ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కండక్టరు "ఏమప్పా, ఆ అద్దాలన్నా మూయండి" అని విసుక్కున్నాడు. అందరూ మూశారు. నేను మూయలేదు. లారీ పలకల సందుల్లోంచి బయటికి వచ్చిన చెవులను చూస్తూ కూర్చున్నాను. ప్రతి చెవికీ ఒక కోత ఉంది. ఒకదానికి కొస తెగి ఉంది, ఒకదానికి మధ్యన చీలిక ఉంది. ఏ కోత ఎవరి మందదో చెప్పగల మనిషి నాకు ఒకామె తెలుసు. ఆమె ఇప్పుడు లేదు. నేను ముదిగుబ్బలో బ్యాంకుకు పోతున్నాను. అలా పోవడం నాకు నేర్పింది కూడా ఆమే.

ఆమె పేరు ఖాసింబీ. ముదిగుబ్బకు కొంత దూరంలో ఉన్న మా ఊళ్ళో మా ఇంటి గోడను ఆనుకునే వాళ్ళ ఇల్లు. నేను ఖాసింబత్తా అని పిలిచేవాణ్ణి. ఆమె మా నాయనను అన్నా అనేది. ఆమె భర్త గొర్రెలు కాసేవాడు. ఆయన జ్వరంతో చనిపోయాక బంధువులు ఆమెను కదిరికి వచ్చి ఉండమన్నారు. ఆమె పోలేదు. మూడో రోజు పొద్దున దొడ్డి తలుపు తీసి, భర్త కర్ర చేతబట్టుకుని మంద వెనకాల నడిచింది. సాయిబుల ఇంటి ఆడమనిషి గుట్టల వెంట గొర్రెలు తోలడమేమిటని ఊళ్ళో కొందరు ఆమె ముందే అన్నారు. "అట్లయితే నువ్వు తోల్కపోప్పా, నేను ఇంట్లో కూసోని తింటా" అని ఆమె కూడా వాళ్ళ ముందే అన్నది. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పొడుగాటి మనిషి, ఎండకు నల్లబడిన ముఖం, నోట్లో ఎప్పుడూ ఆకూ వక్కా. మెత్తగా మాట్లాడటం తెలియదు. నచ్చని మనిషి ఎదురైతే దారి మార్చుకునేది కాదు, ముఖం మార్చుకునేది.

ఆ గొర్రెలు ఆమెవి కావు. మా వైపు పాలికి మేపడం అని ఒక పద్ధతి ఉంది. డబ్బున్న ఆసామి తల్లి గొర్రెలను కొని కాపరికి అప్పగిస్తాడు. మేత, నీళ్ళు, కాపలా అంతా కాపరిది. పుట్టిన పిల్లలను ఇద్దరూ చెరిసగం పంచుకుంటారు. తల్లి గొర్రెలు మాత్రం ఎప్పటికీ ఆసామివే. ఖాసింబత్త ఆసామి నల్లమాడలో ఉండేవాడు. ఆయన మందకు చెవి కొసన అర్ధచంద్రంలా ఒక కోత ఉండేది. ఇందులో ఒక చిక్కు ఉంది. గొర్రె చచ్చిపోయిందని కాపరి చెబితే ఆసామి ఎందుకు నమ్మాలి? సంతలో అమ్ముకుని చచ్చిందని చెప్పవచ్చు కదా. అందుకని చచ్చిన గొర్రె చెవిని, ఆ కోత కనిపించేలా కోసి, చచ్చిన రోజే తీసుకుపోయి ఆసామికి చూపించాలి. ఇది రాసిపెట్టిన నిబంధన కాదు. కాపరులందరూ పాటించేదీ కాదు. చాలామంది రెండు మూడు చెవులు పోగయ్యాక, సంత రోజున పోయి చూపించేవాళ్ళు. ఆమె మాత్రం అదే రోజు పోయేది.

నేను ఇంటర్ చదువుతున్నప్పుడు ఒకసారి ఆమె వెంట నల్లమాడకు పోయాను. సూడి గొర్రె ఒకటి ఆముదం ఆకు మేసి చచ్చింది. ఆమె చెవి కోసి, కడిగి, కొంగు చివర ముడివేసుకుంది. నాకు కదిరిలో పని ఉండటంతో, నల్లమాడ మీదుగా పోదామని ఇద్దరం ఒకే బస్సు ఎక్కాం. ఆసామి అరుగు మీద కూర్చుని లెక్కలేవో చూసుకుంటున్నాడు. ఆమె ముడి విప్పి చెవిని ఆయన ముందర పెట్టింది. "ఆముదాలు మేసినాది. నేను చూసుకోలేదు. నాదే తప్పు" అన్నది. ఆయన చెవిని వేలితో తిప్పి చూసి, "సరేలే ఖాసింబీ, ఇంతదానికి ఎండలో వచ్చినావు, మజ్జిగ తాగిపో" అన్నాడు. అంతే. తిరిగి వచ్చేటప్పుడు ఫోను చేసి చెబితే సరిపోయేది కదత్తా అన్నాను.

"ఫోన్లో చెవి అగుపడతాదా?"

"ఫొటో తీసి పంపొచ్చు గదా."

"వాని ముందర నిలబడి, తిడితే తిట్టించుకోని, కతైపాయ అని రావల్ల. లేదంటే రేయంతా ఆ చచ్చిన గొర్రె నా దొడ్లోనే అరుస్తాంటాది. నువ్వు ఫొటో తీస్కో పో."

నేను ఆ రోజుల్లో నాకు చాలా తెలుసు అనుకునేవాణ్ణి. కొంత తెలుసు కూడా. నాకు చదవడం నేర్పింది బడీ కాదు, తర్వాత చేరిన ఇంజనీరింగ్ కాలేజీ కూడా కాదు, ముదిగుబ్బ శాఖా గ్రంథాలయం. ఎవరూ ఏది చదవాలో చెప్పేవాళ్ళు లేకపోవడంతో తలుపు పక్క అలమరా పై అర నుంచి మొదలుపెట్టి వరసగా కిందికి చదువుకుంటూ వచ్చాను. భూగోళం, పశువైద్యం, చట్టాలు, యాత్రలు, ఏది ముందు వస్తే అది. ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. మా జిల్లా వర్షచ్ఛాయ ప్రాంతంలో ఉందనీ, పడమటి కొండలు దాటి మా మీదికి వచ్చేసరికి మబ్బుల్లో నీళ్ళు మిగలవనీ అక్కడే చదివాను. అది తీసుకొచ్చి ఖాసింబత్తకు వివరించాను. ఆమె వక్క నమలడం ఆపి విన్నది.

"అంటే మన వానను యాడనో ముందరనే దించుకుంటాండారంటావు."

"అంతే అత్తా."

"యాడ దించుకుంటాండారో గూడా తెలిసె. పోయి అడిగే మనిసి ఒక్కడూ ల్యాకపాయనా మీ పుస్తకాల్లో?"

నాకు ఇంజనీరింగ్ సీటు వచ్చిన ఏడు చదువు అప్పు కోసం బ్యాంకుకు పోయాం. మా నాయన పాస్‌బుక్కు అప్పటికే పంట అప్పు కింద బ్యాంకులోనే ఉంది. ఇంకొకరి జామీను కావాలన్నారు. నాయన అన్నదమ్ములు ఒకరు ఊళ్ళో లేకపోయారు, ఇంకొకరికి ఉన్నట్టుండి నడుం నొప్పి వచ్చింది. ఖాసింబత్త పేరు మీద గుట్ట కింద కొంత మెట్ట చేను ఉండేది. ఆమె గోడ మీది నుంచి మా మాటలు విని, మరుసటి రోజు తన పాస్‌బుక్కు సంచిలో పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. నాయన వద్దన్నాడు. "నా మొగుడు సచ్చిన దినం గుంత తవ్వినోడివి నువ్వు, నా తమ్ముళ్ళు గాదు" అన్నది. బ్యాంకులో ఎక్కడ వేలిముద్ర వేయమంటే అక్కడ వేసి, వేలిని గోడకు తుడవబోయి, గుమాస్తా చూస్తున్నాడని తన చీరకే తుడుచుకుంది.

చదువు అయిపోయింది. పట్టా వచ్చింది. ఉద్యోగం రాలేదు. బెంగుళూరులో కొన్నాళ్ళు ఉన్నాను. ఒక గదిలో చాలామందిమి పడుకునేవాళ్ళం. పగలు ఇంటర్వ్యూలు, ఆపైన ఏదో శిక్షణ, శిక్షణకు మళ్ళీ డబ్బు. ఎవరో ఒకరు రోజూ ఊరికి తిరిగి పోయేవాళ్ళు, వాళ్ళ చాప మీదికి కొత్తవాళ్ళు వచ్చేవాళ్ళు. చివరికి నా చాప కూడా ఖాళీ చేసి ఊరికి వచ్చాను. అప్పటికి బ్యాంకు ఇచ్చిన గడువు అయిపోయి కంతులు మొదలయ్యాయి. బ్యాంకు నుంచి ఫోన్లు వచ్చేవి. తెలియని నంబరైతే ఎత్తేవాణ్ణి కాదు. కొన్నాళ్ళకు తెలిసిన నంబరైనా ఎత్తడం మానేశాను. పొద్దున తలుపులు తీసేసరికి గ్రంథాలయానికి పోయి, మూసే వేళకు బయటికి వచ్చేవాణ్ణి. అంతకుముందు అక్కడికి చదవడానికి పోయేవాణ్ణి. ఆ రోజుల్లో కనబడకుండా ఉండటానికి పోయేవాణ్ణి. చేతిలో పుస్తకం ఉండేది, పేజీ తిరిగేది కాదు.

మా నాయన మాత్రం దిగులు పడలేదు. ఎందుకు పడలేదో చెప్పకపోతే మా వాళ్ళు అర్థం కారు. వానలు పడని ఏడు మా మండలాన్ని కరువు మండలం అని ప్రకటిస్తారు. వేరుశనగ పంట అప్పులు వసూలు చేయడం ఆపుతారు. బ్యాంకుకు పోయి వేలిముద్ర వేస్తే పాత అప్పు కొత్త అప్పుగా మారుతుంది. ఎన్నికలు దగ్గరపడితే మాఫీ అనే మాట వినిపిస్తుంది, ఒక్కోసారి నిజంగానే అవుతుంది. నాయనకు ఊహ తెలిసినప్పటి నుంచి అప్పు అంటే ఇదే. దాన్ని కట్టేది మనిషి కాదు, వాన. వాన కట్టకపోతే ప్రభుత్వం. నా చదువు అప్పును కూడా ఆయన ఆ వరసలోనే పెట్టాడు. నేను పత్రికల్లో, చట్టాల పుస్తకంలో చదివింది చెప్పాను. ఇది పంట అప్పు కాదు నాయనా, దీనికి కరువు ఉండదు, వడ్డీ మీద వడ్డీ పెరుగుతుంది అన్నాను.

"చదువు గూడా ఒక పంటే గదప్పా" అన్నాడు నాయన. "విత్తినాం. మొలిచినాది. పూత వచ్చె. ఊడలు దిగలేదు, కాయ పట్టలేదు. ఊళ్ళో ఎంతమంది పిల్లోళ్ళు పట్టాలు పట్టుకోని ఊరికే ఉండారో గవర్మెంటోళ్ళకు తెలీదా? రాస్తారు. మాఫీ రాస్తారు. తొందరపడి కట్టినోడే మోసపోతాడు."

గోడ అవతల నుంచి ఖాసింబత్త కూడా "పోయినసారి కట్టినోళ్ళంతా ఏడ్చినారు గదా" అని వంత పాడింది. అవును, ఆమె కూడా నమ్మింది. ఊరంతా నమ్మింది. చదివిన నేను కూడా, పుస్తకంలో ఉన్నది తప్పు కావాలని కోరుకుంటూ, ఎదురుచూశాను. ఆ ఎదురుచూపులో అప్పు తీసుకున్నప్పటి కంటే చాలా పెద్దదైంది.

ఇక్కడ ఖాసింబత్త కోరిక ఒకటి చెప్పాలి. ఆమె తన పాలికి వచ్చిన పిల్లలను అమ్మిన డబ్బు ఏళ్ళ తరబడి బ్యాంకులో వేసుకుంటూ వచ్చింది. సొంతంగా తల్లి గొర్రెలు కొనాలి, వాటి చెవులకు తన కోత వేయాలి, అదీ ఆమె కోరిక. ఆ కోత ఎలా ఉండాలో కూడా నాకు చాలాసార్లు నేల మీద పుల్లతో గీసి చూపించింది. రెండు చిన్న చీలికలు, పక్కపక్కన. ఒకటి తనకు, ఒకటి చనిపోయిన భర్తకు. కదిరి సంతలో మంచి గొర్రెలు వచ్చాయని తెలిసి ఆమె డబ్బు తీసుకోవడానికి ముదిగుబ్బ బ్యాంకుకు పోయింది. డబ్బు ఇవ్వలేదు. జామీను పెట్టిన అప్పు మొండి బాకీ అయిందనీ, అది తేలేదాకా ఆమె ఖాతాలో డబ్బు కదలదనీ చెప్పారు.

ఆమె నేరుగా మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. నేను ఆ రోజు గ్రంథాలయానికి సెలవు కావడంతో ఇంట్లోనే ఉన్నాను. నాయన మంచం మీది నుంచి లేచాడు. తిడుతుందని ఇద్దరం ఎదురుచూశాం. ఆమె సంగతి చెప్పింది. నాయన ముఖం వాడిపోయింది. ఆమె నా వైపు తిరిగింది.

"రే గంగాధరా, నీ గొర్రె సచ్చి ఎన్నాళ్ళాయరా?"

"నా గొర్రె ఏంది అత్తా?"

"ఉజ్జోగం. బ్యాంకోడు దుడ్లు పెట్టె, నువ్వు మేపితివి. అది సచ్చె. నువ్వు బెంగుళూరు నుంచి వచ్చిన దినమే సచ్చె. చెవి ఎవురికి చూపిచ్చినావు?"

ఆమే చెప్పుకుపోయింది.

"ఎవురికీ చూపియ్యలేదు. దొడ్లో పెట్టుకోని కూసున్నావు. వాసన నా ఇంట్లోకి గూడా వచ్చె." ఆమె గొంతు పెంచలేదు. "రేపు పొద్దున నాతోపాటు రా. నేనూ తెలీక మాఫీ మాఫీ అంటిని. అది గూడా చెప్తా వానికి."

మరుసటి రోజు ఆమె ముందు నడిచింది, నేను వెనక. మేనేజరు కోస్తా నుంచి వచ్చిన కుర్రాడు, నాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడై ఉంటాడు. కుర్చీలో కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. "ఈ పిల్లోడు నీకొక మాట చెప్పల్ల సారూ" అని నన్ను ముందుకు తోసింది. నేను కాలేజీలో నేర్చుకున్న ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఆమె నా మోచేయి పట్టుకుని "తెలుగులో చెప్పు, నాగ్గూడా తెలియల్ల" అన్నది. ఉద్యోగం రాలేదని చెప్పాను. వెతికానని, ఇక వస్తుందనే నమ్మకం లేదని చెప్పాను. ఫోన్లు కావాలనే ఎత్తలేదని కూడా చెప్పాను. చెబుతుంటే ఆ మాటలు చాలా చిన్నవిగా ఉన్నాయి. ఏడాదికి పైగా నన్ను నిద్రపోనివ్వనిది ఇంతేనా అనిపించింది.

మేనేజరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఈ మాట మొదట్లోనే వచ్చి చెప్పుంటే బావుండేదండి. అప్పుడు చాలా చెయ్యగలిగేవాళ్ళం" అన్నాడు.

"ఇప్పుడేం జేస్తావో అది చెప్పు సారూ" అన్నది ఖాసింబత్త. "పోయిన వాన గురించి మేము రోజూ మాట్లాడుకుంటానే ఉంటాం."

నెలనెలా తగ్గకుండా కడుతూ పోతే కంతులు తిరగరాయడానికి పైవాళ్ళకు పంపుతానని, ఖాతా గాడిన పడ్డాక ఆమె డబ్బు వదులుతామని అతడు అన్నాడు. ఏం చేసి కడతావని అడిగాడు. జవాబు ఆమె దగ్గర ఉంది. తాడిపత్రిలో బండ పాలిషు మిషన్ల దగ్గర మనుషులు కావాలంటున్నారని గొర్రెలు కొనడానికి వచ్చిన ఒకతను ఆమెతో అన్నాడట. నేను ఇంజనీరునని అనబోయాను. ఆమె నా ముఖం చూసింది. అనలేదు.

అలా నేను తాడిపత్రికి వచ్చాను. పాలిషు పని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దంతా తిరిగే రాయి కింద నల్లబండను తోస్తూ నీళ్ళలో నిలబడాలి. అరికాళ్ళు, అరచేతులు ఎప్పుడూ నాని తెల్లగా ముడతలు పడి ఉంటాయి. చెవిలో మిషను మోత ఇంటికి కూడా వస్తుంది. దగ్గితే గొంతులో పిండి. నా పక్క మిషను మీద పనిచేసే అతను కూడా పట్టభద్రుడే, కామర్సు. ఇద్దరం ఆ సంగతి చాలాకాలం ఒకరికొకరు చెప్పుకోలేదు. జీతం వచ్చిన రోజు బ్యాంకుది బ్యాంకుకు పోగా మిగిలేదాంట్లో గది బాడిగ, తిండి. చొక్కా కొనాలంటే ఒక నెల ముందు నుంచి ఆలోచించాలి. ఇరవైల్లో ఉండవలసిన ఆశలేవీ నాకు లేవు. ఉన్నా వాటికి జీతంలో చోటు లేదు. ఆదివారాలు తాడిపత్రి గ్రంథాలయంలో గడిపేవాణ్ణి. మళ్ళీ పేజీలు తిరగడం మొదలైంది, అంతవరకు నిజం.

నాయన మాత్రం నన్ను క్షమించలేదు. "తొందరపడినావు" అనేవాడు. ఇప్పటికీ ఎవరైనా మాఫీ మాట ఎత్తితే నా వైపు చూస్తాడు.

ఖాతా గాడిన పడటానికి ఏడాది పైన పట్టింది. ఖాసింబత్త డబ్బు వదిలారు. అప్పటికి గొర్రెల ధరలు పెరిగిపోయాయి. కొనాలనుకున్నన్ని రాలేదు. అయినా కొన్నది. చెవులు కోసే రోజు నన్ను రమ్మని కబురు చేస్తే పోయాను. కత్తిని నిప్పు మీద కాల్చి, ఒక్కో గొర్రెను మోకాళ్ళ మధ్య బిగించి, రెండు చీలికలు పెట్టి పసుపు అద్దింది. నల్లమాడ ఆసామి గొర్రెలను ఆయనకు అప్పగించేసింది. ఆ సాయంత్రం ఆమె వక్క నమలకుండా దొడ్డి గడప మీద చాలాసేపు కూర్చుంది. ఆమె నవ్వడం నేను చూసింది తక్కువ. ఆ రోజు కూడా నవ్వలేదు. కానీ ముఖం తేటగా ఉంది.

ఆ ఏడు వాన వచ్చింది. మా మీద జాలిపడి వచ్చినట్టు మొదట్లో అందరం సంతోషించాం. చెరువులు, కుంటలు నిండాయి. నాయన చేలో నీళ్ళు నిలిచాయి. వాన ఆగలేదు. వారాల తరబడి దొడ్లు ఆరలేదు. గొర్రెలు తడి బురదలో నిలబడి ఉండేవి, ఊరంతా తడి ఉన్ని వాసన. ఆ తర్వాత మూతులు వాచడం మొదలైంది. జ్వరం, నోటి వెంట చొంగ, కుంటడం, నాలుక నీలంగా మారడం. నేను చిన్నప్పుడు పశువైద్యం అరలో చదివిన నీలి నాలుక రోగం అదే. మళ్ళీ ఆ పుస్తకం తీసి చదివాను. తడి చోట పుట్టే చిన్న ఈగలు కుట్టడం వల్ల వస్తుందని, పొగ పెట్టాలని, మందను గట్టు మీదికి మార్చాలని, ముందే టీకా వేయించాలని ఉంది. ఊరికి పోయి చెప్పాను. ఆమె విన్నది. వేపాకు పొగ పెట్టింది, మందను గుట్ట మీదికి తోలింది, వాచిన నోళ్ళకు గంజి పట్టింది. తడిలోనే వాటి మధ్య కూర్చుంది. టీకాకు ఆలస్యమైపోయింది. వాన కోసం ఇన్నేళ్ళు మొక్కుకున్న ఊరు, వాన ఆగమని మొక్కుకుంది.

ఒక మధ్యాహ్నం నేను మిషను దగ్గర ఉండగా గేటు దగ్గర ఎవరో ఆడమనిషి పిలుస్తున్నదని చెప్పారు. వెళ్ళి చూస్తే ఖాసింబత్త. తడిసిన చీర, కాళ్ళకు బురద. అంతదూరం బస్సులు మారి వచ్చింది. తాడిపత్రికి రావడం ఆమెకు అదే మొదటిసారి. నన్ను చూడగానే గేటు పక్కన పేర్చిన బండల మీద కొంగు పరిచి ముడి విప్పింది. అన్నీ చెవులే. రెండేసి చీలికలు, పక్కపక్కన. వాటికి పెట్టిన పసుపు మరకలు ఇంకా కొన్నింటి మీద ఉన్నాయి.

"అన్నీనా అత్తా?"

"దినానికొకటి సచ్చె, ఉన్నవాటిని ఇడిసి అదే దినం రాలేకపోతి. రెండు బతికినాయి. అవి గూడా బతికినాయో లేదో ఇంటికి పోతే గాని తెలీదు."

 ఇంతదూరం ఎందుకొచ్చావని అడిగాను.

"ఎవురికి చూపియ్యల్ల మరి?" అన్నది. "ఈసారి ఆసామిని నేనే. నాకు నేనే చూపిచ్చుకుంటే ఎట్ల? ఎవురో ఒకరు చూడల్ల గదా. మీ నాయన చూస్తే ఏడుస్తాడు. నువ్వు చూడు."

నేను ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని, తిప్పి, చీలికలు చూసి పక్కన పెట్టాను. నల్లమాడ ఆసామి చేసినట్టే. నా చేతుల మీది రాతిపిండి వాటికి అంటుకుంది. అన్నీ చూడటం అయ్యాక ఏదో అనాలి కాబట్టి "సరే అత్తా" అన్నాను. ఆమె తల ఊపింది. "మజ్జిగ ఇప్పిస్తావా లేదా?" అని అడిగింది. గేటు ముందరి హోటల్లో మజ్జిగ లేదు. టీ తాగింది. చెవులను పాలిషు నీళ్ళ కాలువ పక్కన గుంత తీసి పూడ్చాం. బస్సు ఎక్కేటప్పుడు దగ్గుతూ ఉంది.

ఆ దగ్గు పోలేదు. కదిరి ఆసుపత్రిలో ఊపిరితిత్తుల్లో నిమ్ము అన్నారు. చలికాలం గడవకముందే ఒక పొద్దున నాయన ఫోను చేశాడు. మొదటి బస్సుకు ఊరికి పోయాను. కదిరి నుంచి ఆమె తమ్ముళ్ళు వచ్చారు. గుంత మళ్ళీ మా నాయనే తవ్వాడు, ఈసారి నేను కూడా పార పట్టాను. ఆ ఏటి వానకు నేల ఇంకా మెత్తగా ఉంది. మధ్యాహ్నం నమాజు తర్వాత మట్టి ఇచ్చారు. అందరూ ఇళ్ళకు పోతుంటే నేను ముదిగుబ్బ ఆటో కోసం రోడ్డు మీదికి నడిచాను. నాయనకు నేను ఎక్కడికి పోతున్నానో అర్థమైంది.

"వాళ్ళకెట్ల తెలుస్తాదిరా? చెప్తే ఇంకో జామీను తెమ్మంటారు. యాడ తెస్తావు? ఊరికే ఉండు."

"తెలుసు నాయనా."

"పోనీ రేపన్నా పో. ఈ పొద్దే పోవల్లనా?"

"సచ్చిన దినమే చూపియ్యల్ల నాయనా" అన్నాను. నా నోట ఆమె మాట అలా వచ్చింది. నాయన పార భుజాన వేసుకుని ఇంటి వైపు నడిచాడు.

బ్యాంకులో మేనేజరు మారారు. ఈసారి ఒక ఆవిడ. మూసే వేళ అవుతోంది. నా ప్యాంటుకు, గోళ్ళలో, శ్మశానం మట్టి ఉంది. చదువు అప్పుకు జామీను పెట్టిన ఖాసింబీ ఈ రోజు చనిపోయిందని చెప్పాను. ఆవిడ కంప్యూటరులో చూసి, కంతులు సరిగ్గానే ఉన్నాయే అన్నది. సర్టిఫికెట్టు ఉందా అని అడిగింది. ఇంకా లేదన్నాను. మరి ఇప్పుడే ఎందుకు వచ్చావన్నట్టు నన్ను చూసింది. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆమె చెవి తెచ్చి చూపించలేను కదా. నేను వచ్చి నిలబడ్డాను, అంతే. ఇంకొకరి జామీను తీసుకురండి, లేకపోతే పైవాళ్ళు అడుగుతారు అన్నది. ఎవరూ లేరని చెప్పాను. ఆవిడ చాలాసేపు బల్ల మీది పెన్ను అటూ ఇటూ జరిపి, చివరికి "నెలనెలా మీరే వచ్చి కనబడండి" అన్నది.

అప్పటి నుంచి నెలనెలా పోతున్నాను. ఫోనులో కట్టవచ్చని చాలామంది చెప్పారు. నాకు తెలుసు. ఈ నెల కట్టడానికి కూడా లేదు. రాయికి గిరాకీ పడిపోయి మా ఫ్యాక్టరీ మూతపడి కొన్ని వారాలైంది. మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో యజమానికే తెలియదు. గదిలో కూర్చుని ఫోను పక్కన పెట్టుకుని ఉండవచ్చు, నాకు ఆ విద్య బాగా వచ్చు. అయినా పొద్దున్నే లేచి, ఉన్న ఛార్జీ డబ్బులతో అనంతపురం బస్సు ఎక్కాను. అక్కడ దిగి ముదిగుబ్బ మీదుగా పోయే కదిరి బస్సు ఎక్కాలి. ఆవిడ ఏమంటుందో తెలియదు. మంచి మాట అనకపోవచ్చు.

రైలు పోయింది. గేటు లేచింది. గొర్రెల లారీ ముందు కదిలింది. పలకల సందుల్లోంచి వేలాడుతున్న ఆ తడి చెవుల్లో రెండు చీలికలు ఉన్నది ఒకటైనా ఉంటుందేమోనని, లేదని తెలిసినా, మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను.